మూతపడిన అద్దకపు మిల్లు నేలను పరీక్షించు విధము

మిల్లు మూతపడిన పిదప దాని యంత్రములు పాత ఇనుముగా అమ్ముడుపోవును, గోడలు కూలును, పొగగొట్ట మొక్కటి కొంతకాలము నిలిచి తుదకు అదియు నేలపా లగును. కొన్ని యేండ్లకు అచ్చట ఇండ్లు, అంగళ్లు, ఒక్కొక్కప్పుడు పాఠశాలలు వెలయును. ఓరుగల్లునందు 1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు ఇట్లే మూతపడి, దాని నేలలో కొంతభాగము ఇండ్ల స్థలములుగా మారినది. అచ్చట విషము కలదని మేము చెప్పుటలేదు. అట్టి నేలను కొనువాడును, అందు బావి త్రవ్వించువాడును ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదని మాత్రమే చెప్పుచున్నాము: ఇచ్చట మునుపు ఏ పని జరిగెను? ఆ పనికి వాడిన ద్రవ్యములు ఎచ్చటికి పోయెను? దీనికి సమాధానము కనుగొను పద్ధతిని మన కృష్ణా డెల్టాకు అన్వయించి ఈ వ్యాసమున వివరింతుము.

1. మన సీమలో అద్దకము

అద్దకము మన సీమకు క్రొత్తది కాదు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమునకు వచ్చునాటికే ఇచ్చటి అద్దకపు బట్టలకు దూరదేశములందు గిరాకి యుండెను. నేటి నిజాంపట్టణ ప్రాంతమున దొరకు చిరివేరు మంచి యెఱ్ఱరంగు నిచ్చునని ప్రసిద్ధి. బట్టను కరక్కాయ, గేదెపాల మిశ్రమమున తడిపి, పటికయు ఇనుపనీరును అచ్చులతో అద్ది, రంగునీట ఉడికించి, పాఱునీట ఉతుకుట పూర్వపు పద్ధతి. పెడనలో ఈ కలంకారీ విద్య నేటికిని జీవించియున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున రంగులకథ మారినది. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మనులు మంజిష్ఠ వేరునందలి ఎఱ్ఱరంగైన అలిజరినును ప్రయోగశాలలో చేసిరి. 1897లో కృత్రిమపు నీలిమందు అంగడికి వచ్చెను. పిదప వేలకొలది క్రొత్తరంగులు పుట్టినవి. వానితోడనే నేలకు ఎన్నడును పరిచయము లేని పదార్థములును పుట్టినవి.

2. మిల్లులో వాడు ద్రవ్యములు

కేవలము నూలు వడకు మిల్లునకును, అద్దకపు మిల్లునకును భేదము కలదు. మొదటిదానిలో యంత్రముల నూనె, బాయిలరు బూడిద ముఖ్యముగా చూడవలసినవి. రెండవదానిలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ద్రవ్యము కలదు. బట్టలోని జిడ్డు పోగొట్టుటకు కాస్టిక్ సోడా. తెల్లబఱచుటకు బ్లీచింగు పౌడరు. రంగు పట్టుటకు ఉప్పు. గంధకపు రంగులను కరగించుటకు సోడియం సల్ఫైడు. కొన్ని రంగులు వెలియకుండుటకు పొటాసియం డైక్రోమేటు. పాత విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరుల నూనెయు, ఆస్‌బెస్టాసు రేకుల ముక్కలును ఉపేక్షింపదగినవి కావు. కావున ఏ గదిలో ఏ పని జరిగెనో తెలియనిదే ఎచ్చట త్రవ్వి చూడవలెనో తెలియదు.

3. రంగు చూచి విషమును నిర్ణయింపరాదు

ఎఱ్ఱని నీటిని చూచి జనులు భయపడుదురు; తేటనీటిని చూచి నమ్ముదురు. ఈ రెండును సరియైన కొలతలు కావు. అజో జాతి రంగులు గాలి సోకని బురదలో సూక్ష్మజీవులవలన విరిగి రంగును కోల్పోవును. కాని అప్పుడు పుట్టు అమీను పదార్థములలో కొన్ని ఆ రంగుకంటె అపాయకరములు. వానిలో బెంజిడీను మూత్రాశయపు పుండు వ్యాధిని, అనగా క్యాన్సరును కలిగించును. రంగుల కార్ఖానా పనివారిలో ఈ వ్యాధిని 1895లోనే రేన్ అను జర్మను వైద్యుడు గుర్తించి ప్రకటించెను.

క్రోమియము సంగతియు ఇట్టిదే. దానికి రెండు ముఖ్యరూపములు కలవు. త్రిసంయోజక క్రోమియము సాధారణముగా మట్టిని పట్టుకొని నిలుచును. షట్సంయోజక క్రోమియము నీటిలో కరగి సాగిపోవును. విషగుణమును దానికే హెచ్చు. త్రాగునీటిలో మొత్తము క్రోమియము లీటరునకు 0.05 మిల్లీగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము. ఇంత స్వల్పమగునది కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

4. బిచ్రీ గ్రామము నేర్పిన పాఠము

రాజస్థానమున ఉదయపురము చెంతనున్న బిచ్రీ గ్రామమున రంగుల తయారీకి పనికివచ్చు హెచ్-ఆమ్లమును కొంతకాలము చేసిరి. 1989 నాటికి ఆ పని ఆగిపోయెను. చేసిన సరకు సుమారు 375 టన్నులు. మిగిలిన విషపు మడ్డి సుమారు 2,400 టన్నులు. సరకు అమ్ముడుపోయెను, మడ్డి నిలిచెను. వానలకు అది నేలలోనికి దిగి బావులను చెఱచెను. ఆ నీరు మనుష్యులకును, పశువులకును, సేద్యమునకును కొఱగాకపోయెను. 1996లో సుప్రీముకోర్టు, చెఱచినవాడే బాగుచేయు ఖర్చును భరింపవలెనని తీర్పు చెప్పెను. కార్ఖానా తలుపు మూసినంతమాత్రమున కాలుష్యము ఆగదని ఈ గ్రామము మనకు నేర్పుచున్నది.

5. పరీక్షాక్రమము

మొదటిది చరిత్ర. పాత పటములు, లైసెన్సు కాగితములు, సరకుల పుస్తకములు చూడవలెను. అచ్చట పనిచేసిన వృద్ధులను అడిగి, రంగుల కొట్టు, తొట్లు, మురుగుకాలువ, మడ్డి పోసిన గుంట ఎచ్చటనుండెనో నేలపటమున గుర్తింపవలెను.

రెండవది నీటి నడక. ఒకే వరుసలో లేని మూడు బావులను ఎన్నుకొని, సముద్రమట్టమునుండి ఒక్కొక్కదాని నీటిమట్టమును కొలువవలెను. ఉదాహరణకు అవి 6.2, 5.9, 5.4 మీటర్లయినచో, భూగర్భజలము హెచ్చుమట్టమునుండి తగ్గుమట్టమువైపు సాగుచున్నదని తెలియును. మూడు కొలతలను పటమున వేసినచో దిక్కు తేలును. డెల్టాలో ఒక జాగ్రత్త అవసరము. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిస్ కాలువ మొదలగువాని చెంత, కాలువ నిండుగా పాఱునపుడు నీరు ఒడ్డునుండి బావులవైపు ఇంకవచ్చును. కాలువ కట్టివేసినపుడు ఆ నడక మందగించి, కొన్నిచోట్ల తిరుగబడవచ్చును. కావున రెండు కాలములందును కొలువవలెను.

మూడవది మచ్చులు తీయుట. పైమట్టిని, లోమట్టిని కలుపక వేర్వేఱు పాత్రలలో ఉంచి, స్థలము, లోతు, తేదీ వ్రాయవలెను. లోహముల పరీక్షకు తీసిన నీటిలో నత్రికామ్లము కలుపుదురు. షట్సంయోజక క్రోమియమునకై తీసిన నీటిలో దానిని కలుపరాదు. కలిపినచో ఆ క్రోమియము రూపము మారి లెక్క తప్పును. అమీనుల పరీక్షకు గాజుసీసాలు వాడుదురు. ఈ పని శిక్షణ పొందినవారిదే. విద్యార్థులు మడ్డిగుంటలు త్రవ్వరాదు, ఆ నీటిని రుచిచూడరాదు.

నాలుగవది పోలిక. మచిలీపట్టణపు ప్రాంతమున బావినీరు ఉప్పగానుండిన, అది అద్దకపు ఉప్పో, సముద్రపు ఉప్పో ఒక్క బావిని చూచి చెప్పలేము. నీరు వచ్చు దిక్కున, మిల్లు ఆవలనున్న బావితో పోల్చవలెను. రెండును సమానముగా ఉప్పగానున్నచో మిల్లును నిందించుటకు ఆ ఉప్పు ఆధారము కాదు. మిల్లు దాటిన పిదపనే క్రోమియమో, అమీనులో కనబడినచో అది వేఱు సంగతి.

6. అధికారుల పని, మన పని

2025లో భారత ప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకై నియమములను ప్రకటించినది. వాని ప్రకారము అనుమానింపదగిన స్థలములను స్థానిక సంస్థ లేక జిల్లా యంత్రాంగము జాబితాలో చేర్చును. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మొదట ప్రాథమికముగను, అవసరమైన సవివరముగను పరీక్షింపించును. కాని పాత మడ్డిగుంట ఎచ్చటనుండెనో కాగితములు చెప్పకపోవచ్చును. ఆ వీధి వృద్ధులు చెప్పగలరు. వారి మాటలను శ్రద్ధతో వ్రాసి, పటము గీచి, బావుల నీటిమట్టములను నెలనెల గుర్తించి అధికారులకు అందించుట ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయగల పనియే.

ఇందు తొందరపాటును, ఉపేక్షయు సమానముగా హానికరములు. పరీక్షింపకయే విషమని చాటినచో, కూడబెట్టిన ధనముతో చిన్నస్థలము కొనుక్కొన్న బీదవాడు నష్టపడును. పరీక్షింపకయే మేలని ఊరకున్నచో, వాని బిడ్డలు ఆ బావినీటినే త్రాగుదురు. ఈ రెండు హానులనుండియు వానిని కాపాడునది సరిగా తీసిన కొలత యొక్కటియే. రసాయనశాస్త్రమును మనము చదువుటకు ఇంతకంటె మంచి కారణ మేమి కావలెను?