పౌను, రూపాయి మారకపు రేటు: బిలాస్‌పూర్ రైలు మార్గం నేర్పే లెక్క

విదేశీ మారకం మహానగరాలలోని పెద్ద శాఖలకు, ఎగుమతి వ్యాపారులకు మాత్రమే సంబంధించినదని, గ్రామీణ శాఖలో పనిచేసే మనకు దానితో నిమిత్తం లేదని భావించడం పరిపాటి. చరిత్ర ఇందుకు భిన్నంగా చెబుతున్నది. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాస్‌పూర్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుని పౌను, రూపాయి మారకపు రేటు నడచిన తీరును పరిశీలిద్దాం.

రేటును చదివే పద్ధతి

పూర్వం రేటును "రూపాయికి ఇన్ని పెన్సులు" అని చెప్పేవారు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్సులు. అనగా పౌనుకు 240 పెన్సులు. ఈ 240ని రూపాయి వెల అయిన పెన్సులతో భాగిస్తే పౌనుకు ఎన్ని రూపాయలో తెలుస్తుంది. కొన్ని ముఖ్యమైన రేట్లు ఇవి:

1871-72: రూపాయికి సుమారు 23 పెన్సులు, పౌనుకు సుమారు 10 రూపాయల 40 పైసలు.
1887-88: సుమారు 17 పెన్సులు, సుమారు 14 రూపాయలు.
1894-95: సుమారు 13 పెన్సులు, 18 రూపాయలకు పైగా.
1899: 16 పెన్సులు; 15 రూపాయలు.
1927: 18 పెన్సులు, 13 రూపాయల 33 పైసలు.

(పైసలను నేటి దశాంశ లెక్కలో ఇచ్చాము.)

రైలు కంపెనీ బాకీ

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో లండనులో ఏర్పడింది. నాగపూర్ నుండి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు ఆ కంపెనీ నిర్మించిన మార్గం 1891లో పూర్తయింది. వాటాదారులకు వడ్డీ చెల్లించవలసినది పౌనులలో. ఆ వడ్డీకి ప్రభుత్వ హామీ ఉన్నది. కాని టికెట్ల మీద, సరుకు రవాణా మీద వచ్చే ఆదాయమంతా రూపాయలలోనే.

ఆనాటి రూపాయి వెండి నాణెం. 1870 దశకంలో జర్మనీ మొదలైన దేశాలు బంగారు ప్రమాణానికి మారడంతో వెండి ధర పడిపోయింది, దానితోపాటు రూపాయి వెల కూడా పడిపోయింది. 1887-88లో లండనుకు వెయ్యి పౌనులు పంపడానికి దాదాపు 14,000 రూపాయలు సరిపోగా, ఏడేళ్ళ తరువాత 18,000 రూపాయలకు మించి కావలసివచ్చింది. వడ్డీ శాతం మారలేదు. బాకీ పౌనులూ పెరగలేదు. అయినా భారం పెరిగింది. రైల్వే రాబడి చాలని చోట హామీ మేరకు ఆ భారం భారత ఖజానాపై, అనగా చివరకు పన్ను చెల్లించే రైతుపై పడింది. ప్రభుత్వం 1893 జూన్ 26న టంకసాలలలో ప్రజల వెండిని నాణెములుగా ముద్రించి ఇచ్చే పద్ధతిని నిలిపివేయడానికి ఇటువంటి చెల్లింపుల ఒత్తిడి ఒక ప్రధాన కారణం.

ఉత్తర కోస్తా జిల్లాల నుండి వచ్చి బిలాస్‌పూర్ రైల్వేలో కొలువు చేసిన మన తెలుగువారు ఇంటికి పంపిన మనియార్డరుకు ఈ చిక్కు లేదు. జీతమూ రూపాయలే, ఇంట ఖర్చూ రూపాయలే. రాబడికీ బాకీకీ నాణెం వేరైనప్పుడే మారకపు నష్టం పుడుతుంది.

రైతు అప్పు

రూపాయి బలపడితే అందరికీ మేలేనా? 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయికి 16 పెన్సులకు బదులు 18 పెన్సుల రేటును సిఫారసు చేసింది. కమిషన్ సభ్యుడైన సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ దీనితో విభేదించి 16 పెన్సులే ఉండాలని వాదించారు. 1927 చట్టం 18 పెన్సులనే స్థిరపరచింది.

ఒక చిన్న లెక్క చూడండి. విదేశంలో బస్తా ఒక పౌను పలికే సరుకు పండించే రైతుకు 150 రూపాయల అప్పు ఉన్నదనుకొందాం. ఖర్చులను పక్కన పెడితే, 16 పెన్సుల రేటు వద్ద పౌనుకు 15 రూపాయలు. పది బస్తాలతో అప్పు తీరుతుంది. 18 పెన్సుల రేటు వద్ద పౌనుకు 13 రూపాయల 33 పైసలే. పదకొండుంబావు బస్తాలు కావాలి. పత్రంలో అంకె మారలేదు, వడ్డీ మారలేదు. అయినా అప్పు బరువు ఎనిమిదో వంతు పెరిగింది. శిస్తు విషయమూ అంతే. 1929 తరువాత ప్రపంచ మాంద్యంలో పంటల ధరలే కూలిపోగా ఈ బరువు మరింత దుర్భరమైంది.

పౌనులలో చెల్లించవలసిన ప్రభుత్వానికి, రైలు కంపెనీకి ఏ రేటు ఊరట కలిగించిందో, అదే రేటు ఎగుమతి పంట పండించే రైతుకు నష్టం కలిగించింది.

తరువాతి మార్పులు

1949 సెప్టెంబరులో పౌను, రూపాయి రెండింటి మూల్యాన్ని డాలరుతో పోల్చి ఒకే నిష్పత్తిలో తగ్గించినందున వాటి మధ్య రేటు మారలేదు. 1966 జూన్ 6న రూపాయి మూల్యహీనీకరణతో పౌను 21 రూపాయలైంది. 1967 నవంబరులో బ్రిటన్ తన పౌను మూల్యాన్ని తగ్గించగా అది 18 రూపాయలకు దిగింది. 1975 సెప్టెంబరులో రూపాయికి పౌనుతో ముడి వీడిపోయి, కొన్ని ప్రధాన కరెన్సీల సముదాయంతో అనుసంధానం ఏర్పడింది. 1993 మార్చి నుండి మార్కెట్టే రేటును నిర్ణయిస్తున్నది.

మనం గ్రహించవలసినది

రేటు పెరిగిందా, తగ్గిందా అని మాత్రమే అడగడం చాలదు. బాకీ ఏ నాణెంలో, రాబడి ఏ నాణెంలో అని కూడా అడగాలి. మీ శాఖకు వచ్చే రైతు అప్పు రూపాయలలోనే ఉండవచ్చు. కాని అతని మిర్చి, పత్తి, రొయ్యల ధర విదేశీ విపణిపై ఆధారపడి ఉంటే, అతని రాబడిలో మారకపు రేటు కూడా దాగి ఉన్నట్లే. రుణ వాయిదాలు నిర్ణయించేటప్పుడు నిరుటి ధర ఒక్కటే చూడక, రాబడిలో కొంత తరుగుదలకు చోటుంచి లెక్క కట్టడం ఉభయులకూ క్షేమం.

అభ్యాసం

1967 నవంబరులో పౌను 21 నుండి 18 రూపాయలకు తగ్గినప్పుడు, 100 పౌనుల బాకీ ఉన్న సంస్థకు, 100 పౌనుల సరుకు అమ్మి సొమ్ము రావలసి ఉన్న సంఘానికి ఏమి జరిగి ఉంటుంది?

జవాబు: మొదటిదానికి 300 రూపాయలు కలిసివచ్చాయి, రెండవది 300 రూపాయలు కోల్పోయింది.