కబడ్డీ బిడ్డ – దగ్గు మందు

జహీరాబాద్ దగ్గర ఒక పల్లె. జొన్న కోతల కాలం. ఒక తల్లి పొద్దుగూకే వేళ చేను నుంచి ఇంటికొచ్చింది. బిడ్డ మంచంలో ముడుచుకొని పడుకుంది. జలుబు, దగ్గు, ఒళ్ళు నొప్పులు.

ఆ పిల్ల తొమ్మిదో తరగతి. కబడ్డీ బాగా ఆడుతుంది. కూతకు పోయిందంటే ఒకరినైనా ముట్టకుండా తిరిగి రాదు. జిల్లా జట్టులో ఆడి, రాష్ట్ర జట్టుకు ఎంపికైంది. ఇంకో నాలుగు రోజుల్లో జాతీయ పోటీలకు రైలెక్కాలి.

“లే బిడ్డా, ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోదాం. ఒక సూది వేసి, ఒక గ్లూకోజు బాటిలు ఎక్కిస్తే పొద్దుగాల్ల లేచి తిరుగుతవు” అంది తల్లి.

“వద్దమ్మా. ఏ మందు పడితే ఆ మందు వాడొద్దని మా పీటీ మేడం చెప్పింది. పోటీల కాడ మూత్రం పరీక్ష చేస్తరట.”

తల్లికి నవ్వొచ్చింది. “దగ్గుకు మందు తాగితే తప్పా? నువ్వేమన్న కల్లు తాగి ఆడుతున్నవా?”

తల్లి అడిగింది న్యాయమైన మాటే. కానీ ఆటల లోకంలో దగ్గు మందు కూడా పెద్ద చిక్కు తెస్తుంది.

కొందరు ఆటగాళ్ళు గెలుపు కోసం బలం మందులు వాడతారు. దీన్ని డోపింగ్ అంటారు. దీన్ని ఆపడానికి 1999లో ఒక ప్రపంచ సంస్థ ఏర్పడింది. దాని పేరు వాడా. మన దేశంలో ఈ పని చూసేది నాడా. అది 2005లో ఏర్పడింది. 2022లో పార్లమెంటు ఇందుకోసం చట్టం కూడా చేసింది. ఏయే మందులు వాడకూడదో వాడా ఒక పట్టీ తయారు చేస్తుంది. ఏటా జనవరి 1 నుంచి కొత్త పట్టీ అమలవుతుంది. ఆ పట్టీలో ఉన్నవన్నీ దొంగచాటు మందులు కావు. మన మందుల దుకాణంలో దొరికేవి కూడా చాలా ఉన్నాయి.

క్రికెట్ ఆడే పృథ్వీ షా సంగతి చూడండి. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో పోటీలు జరుగుతున్నాయి. అతనికి అప్పుడు 19 ఏళ్ళు. దగ్గు వచ్చింది. దుకాణంలో దగ్గు మందు కొని తాగాడు. అందులో టెర్బుటలిన్ అనే మందు ఉంది. అది ఊపిరి గొట్టాలను తెరుస్తుంది. మన దేశంలో అమ్మే దగ్గు మందులు చాలావాటిలో అది ఉంటుంది. నిషేధ పట్టీలోనూ అది ఉంది. 8 నెలలు ఆట నుంచి పక్కన పెట్టారు.

ఇంకా పాత సంగతి ఒకటి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ జరిగాయి. మన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి బరువులెత్తి కంచు పతకం తెచ్చింది అక్కడే. అవే ఆటల్లో రొమేనియా దేశం పిల్ల ఆండ్రియా రదుకాన్ జిమ్నాస్టిక్స్‌లో బంగారు పతకం గెలిచింది. 16 ఏళ్ళ పిల్ల. జలుబు చేస్తే జట్టు డాక్టరే మాత్ర ఇచ్చాడు. అందులో సూడోఎఫిడ్రిన్ ఉంది. పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ పిల్ల మోసం చేయలేదని అందరూ ఒప్పుకున్నారు. అయినా పతకం తిరిగి రాలేదు.

ఇది అన్యాయం కాదా? ఆ పిల్లకు నిజంగా అన్యాయమే అనిపిస్తుంది. కానీ “నాకు తెలియదు” అన్నవాళ్ళందరినీ వదిలేస్తే, తెలిసి వాడినవాళ్ళు కూడా అదే మాట అంటారు. అందుకే నియమం ఇలా పెట్టారు: ఒంట్లో ఏ మందు దొరికినా ఆ జవాబుదారీ ఆటగాళ్ళదే. ఎవరిచ్చినా సరే. డాక్టరిచ్చినా, కోచ్ ఇచ్చినా, కన్నతల్లి ఇచ్చినా.

ఇప్పుడు ఆ తల్లి చెప్పిన గ్లూకోజు బాటిలు సంగతి. గ్లూకోజు నిషేధ మందు కాదు. కానీ నరానికి ఎక్కించడం మీద నియమం ఉంది. 12 గంటల్లో 100 మిల్లీలీటర్లు దాటి ఎక్కించకూడదు. మామూలు బాటిల్లో 500 ఉంటాయి. జబ్బు చేసి ఆసుపత్రిలో చికిత్సకు ఎక్కిస్తే తప్పు లేదు. నీరసమని ఊళ్ళో ఎక్కించుకుంటే తప్పే. నోటితో ఓఆర్ఎస్ నీళ్ళు ఎంత తాగినా ఎవరూ అడగరు.

ఇక సూది. ఒళ్ళు నొప్పులకు చాలాచోట్ల డెక్సామెథాసోన్ సూది వేస్తారు. నొప్పి చిటికెలో పోతుంది. అవసరమైన చోట అది ప్రాణం నిలిపే మందే. కానీ పోటీల రోజుల్లో అది ఒంట్లో ఉండకూడదు. ఇలాంటి సూదుల్లో కొన్ని వారాల తరబడి ఒంట్లో ఉంటాయి. బలానికని వేసే నాండ్రోలోన్ సూది అయితే ఎప్పుడూ నిషేధమే. ఆడపిల్లలకు దానితో గొంతు మొగగొంతు అవుతుంది. మీసాలు వస్తాయి. ముట్టు తప్పుతుంది. మారిన గొంతు మళ్ళీ మామూలు కాకపోవచ్చు.

నాటు మందైతే పరవాలేదా? అదీ చెప్పలేం. విషముష్టి గింజలో ఉండే స్ట్రిక్నిన్ కూడా పట్టీలో ఉంది. డబ్బాల్లో అమ్మే బలం పొడులు మరీ ప్రమాదం. పైన రాసింది ఒకటి, లోపల ఉండేది ఒకటి. 2011లో మన దేశం తరఫున పరుగెత్తే ఆడపిల్లలు ఆరుగురు పరీక్షలో దొరికారు. కోచ్ ఇచ్చిన జిన్సెంగ్ మందే వాడామని చెప్పారు. ముందు ఏడాది నిషేధం పడింది. 2012లో అది రెండేళ్ళయింది. పరుగెత్తే వాళ్ళకు రెండేళ్ళంటే చిన్న మాట కాదు.

అలాగని రోగం వస్తే మందు మానుకోవాలని కాదు. జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు. రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలు మింగవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్ళు సాల్బుటమాల్ పీల్చే మందు డాక్టరు చెప్పిన కొలతలో వాడవచ్చు. షుగర్ రోగికి ఇన్సులిన్ తప్పదు, కానీ అది పట్టీలో ఉంది. అలాంటి వాళ్ళు డాక్టరు కాగితాలు పెట్టి నాడా దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి.

పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే పిల్లలకు భయం ఉండదు. ఆడపిల్లల వెంట ఆడ మనిషే వస్తుంది. చిన్న పిల్లలైతే తోడుగా పెద్దవాళ్ళు ఒకరు ఉండవచ్చు. కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం తీసుకుంటారు. రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ఈ మధ్య వాడిన మందుల పేర్లు కాగితం మీద రాయమంటారు. చదివి సంతకం పెట్టాలి. పరీక్ష ఇవ్వకుండా తప్పించుకుంటే అదీ నేరమే.

మందుల పేర్లు రాయాలంటే గుర్తుండాలి కదా. ఇక్కడే ఇంట్లోవాళ్ళ పని ఉంది.

మరునాడు ఆ తల్లి బిడ్డను జహీరాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. ముందుగానే చెప్పింది: “డాక్టరమ్మా, నా బిడ్డ కబడ్డీ పోటీలకు పోతది. పరీక్షల దొరికే మందు రాయకు.” డాక్టరమ్మ చీటీ మీద ఆ మాట రాసుకుంది. నాడా వాళ్ళ ఫోను యాప్‌లో మందు పేరు కొట్టి చూసింది. జ్వరం గోలీలు రాసింది. ఉప్పు నీళ్ళు పుక్కిలించి ఆవిరి పట్టమంది.

ఇంటికొచ్చాక తల్లి గోలీల పట్టీని, చీటీని బియ్యం డబ్బా మీది సంచిలో పెట్టింది. పట్టీ మీద అక్షరాలు ఇంగ్లీషువి. తల్లికి తెలుగే వచ్చు. బిడ్డ నోటు పుస్తకంలో మందు పేరు, తారీఖు తెలుగులో రాసింది. తల్లి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

“పా... రా... సి... ట... మాల్. ఇదేనా బిడ్డా?”

“అదేనమ్మా.”

“పుస్తకం సంచిల పెట్టుకో. అక్కడ అడిగితే చూపియ్యి.”