'క్యూట్' అనే మాటను ఎక్కడ వాడాలి?

ఈసారి గోడపత్రికలో ఇంగ్లీషు పాఠం రాసే వంతు నాది. నేను ఒక్క మాట గురించే రాస్తున్నాను. ఆ మాట 'క్యూట్'. అది సరిగా తెలియక నేను రెండుసార్లు తల దించుకున్నాను. మీకు అట్ల కాకూడదని రాస్తున్నాను.

మొదటిసారి ఫిబ్రవరి 15న. ఆ రోజు సేవాలాల్ మహారాజ్ జయంతి. మా తాండావాళ్ళమంతా గుత్తి దగ్గర ఉన్న సేవాగఢ్‌కు పోతిమి. కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా మా సుగాలీలు చానామంది వచ్చినారు. మా దాదీ, అంటే నాయినమ్మ, అద్దాలు కుట్టిన పేటియా, కాంచళి వేసుకొని చెట్టు కింద కూర్చొని ఉండె. పట్నం నుంచి వచ్చిన ఒక అక్క ఆమెను ఫోటో తీసుకొని, "సో క్యూట్!" అని నవ్వి వెళ్ళిపోయింది. "ఆ పిల్ల నన్ను ఏమనింది?" అని దాదీ నన్ను అడిగె. మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. చెప్తే నేనే చెప్పాల. నాకు తెలియలేదు. "బాగుండావు అనింది" అని తప్పించుకున్నాను.

రెండోసారి క్లాసులో. టీచర్ గారు కొత్త విశేషణంతో మూడు వాక్యాలు రాయమన్నారు. నేను ఇట్ల రాసినాను: "మై దాదీ ఈజ్ క్యూట్. గుంతకల్ జంక్షన్ ఈజ్ క్యూట్. అవర్ వార్డెన్ మేడమ్ ఈజ్ క్యూట్." (మేడమ్ గారు క్షమించాలి.) క్లాసంతా నవ్విరి. టీచర్ గారు మాత్రం నవ్వలేదు. "గ్రామర్ తప్పు లేదు, చోటు తప్పు" అని చెప్పి డిక్షనరీ నా చేతికిచ్చినారు. ఆ తరువాత నేను నేర్చుకున్నది కింద రాస్తున్నాను.

1. అర్థం: చిన్నగా, ముద్దుగా ఉండి, చూడగానే ఎత్తుకోవాలనిపించేది 'క్యూట్'. పసిబిడ్డ, కుక్కపిల్ల, మేకపిల్ల. మేకపిల్లను ఇంగ్లీషులో 'కిడ్' అంటారు. మనుషుల పిల్లలను కూడా 'కిడ్' అనే అంటారు. మన మేకలు కాసేవాళ్ళకు ఇది సులభంగా గుర్తుంటుంది.

2. వాక్యంలో చోటు: నామవాచకానికి ముందు రావచ్చు: "ఎ క్యూట్ కిడ్". 'ఈజ్' తరువాత కూడా రావచ్చు: "ద కిడ్ ఈజ్ క్యూట్".

3. 'ఎ'నా, 'యాన్'నా?: "ఎ క్యూట్ బేబీ" అనాలి. ఇదే అర్థానికి దగ్గరగా 'అడోరబుల్' అని ఇంకో మాట ఉంది. అది అచ్చు శబ్దంతో మొదలవుతుంది కాబట్టి "యాన్ అడోరబుల్ బేబీ" అనాలి.

4. పోలిక: క్యూట్, క్యూటర్, క్యూటెస్ట్. తెలుగులో మాట మారదు. "దీని కంటే అది ముద్దుగా ఉంది", "అన్నిటికంటే ఇది ముద్దుగా ఉంది" అంటాము. ఇంగ్లీషులో మాట తోకే మారుతుంది.

5. పిల్లలు ఎందుకు ముద్దొస్తారు?: కోన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1943లో దీని గురించి రాసినాడు. ఒంటికి మించిన తల, పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు ఉంటే పెద్దవాళ్ళకు సాకాలనే బుద్ధి పుడుతుందని చెప్పినాడు. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

6. వాడకూడని చోట్లు: పెద్ద పెద్ద వాటికి పనికిరాదు. జంక్షన్ 'బిగ్', 'బిజీ' అవుతుంది గాని క్యూట్ కాదు. గౌరవించవలసిన పెద్దలను అనేముందు ఆలోచించాలి. కొందరు ప్రేమతోనే అంటారు. కాని వినేవాళ్ళకు చిన్నపిల్లను చేసినట్లు ఉండవచ్చు. వాళ్ళకు 'బ్యూటిఫుల్', 'గ్రేస్‌ఫుల్' వంటి మాటలు ఉన్నాయి.

ఇప్పుడు అసలు సంగతి. క్యూట్ అనే మాట 18వ శతాబ్దంలో 'అక్యూట్' నుంచి ముందున్న 'అ' ఊడిపోయి పుట్టింది. మనం లెక్కల్లో లఘుకోణాన్ని 'అక్యూట్ యాంగిల్' అంటాము కదా, ఆ మాటే! అక్యూట్ అంటే మొనదేలినది. లాటిన్ భాషలో సూదికి 'అకుస్' అంటారు. ఆ రెండూ ఒకే ఇంటి మాటలు. మొదట్లో క్యూట్ అంటే చురుకైన, తెలివైన అని అర్థం. ముద్దైన అనే అర్థం తరువాత 19వ శతాబ్దంలో అమెరికాలో వచ్చింది.

ఇది చదివినాక నాకు మా దాదీ గుర్తొచ్చింది. ఆమె పేటియా మీద ప్రతి అద్దం ఆమె సూదితోనే కుట్టింది. చదువు రాదు గాని మేకల బేరంలో ఆమెను ఎవరూ మోసం చేయలేరు. పాత అర్థంలో అయితే నేను రాసిన వాక్యం తప్పు కాదు!

ఉగాదికి ఇంటికి పోయినప్పుడు దాదీకి నిజం చెప్తాను. "ఆ అక్క నిన్ను పసిబిడ్డను అన్నట్లు ముద్దుగా అనింది. కాని ఆ మాట సూది ఇంట్లో పుట్టింది, దానికి ముందు తెలివి అని అర్థం" అని చెప్తాను. ఆ రోజు నాకు తెలియక తప్పించుకున్నానని కూడా చెప్తాను.

అభ్యాసం: క్యూట్ ఎక్కడ సరిపోతుందో చెప్పండి.
(అ) పిల్లి పిల్ల (ఆ) గుత్తి కోట (ఇ) మీ అవ్వ

మూడోదానికి జవాబు రాసేముందు మీ అవ్వను తలుచుకోండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని