గేమింగ్‌కి 1080ఐ మంచిదా, 720పీ మంచిదా? బాసరలో మా మామ గేమ్ షాపు చెప్పిన జవాబు

పెద్ద నంబర్ ఉంటే పెద్ద క్వాలిటీ అనుకుంటాం. ఫోన్ కెమెరా మెగాపిక్సెల్ దగ్గర మొదలైన ఈ అలవాటు టీవీ సెట్టింగ్స్ దాకా వస్తుంది. 720 కన్నా 1080 పెద్దది కాబట్టి అదే పెట్టేస్తాం. కానీ ఆ నంబర్ పక్కన ఒక చిన్న అక్షరం ఉంటుంది, ‘ఐ’ అనో ‘పీ’ అనో. దాన్ని పట్టించుకోకపోవడం వల్ల మా మేనమామ 45,000 రూపాయలు ఊరికే ఖర్చు పెట్టబోయాడు. ఆ కథతో పాటు ఆ అక్షరం వెనక ఉన్న లెక్క ఏంటో ఇవాళ చూద్దాం.

బాసరలో ఏమైందంటే

నేను బీటెక్ చదివింది బాసర ట్రిపుల్ ఐటీలోనే. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్. వసంత పంచమికి మా అక్క కూతురి అక్షరాభ్యాసం ఉంటే బాసర వెళ్లాను. మామకి అక్కడ చిన్న గేమ్ షాపు ఉంది. మూడు సెకండ్ హ్యాండ్ పీఎస్3లు, మూడు 32 ఇంచుల హెచ్‌డీ రెడీ టీవీలు. గంటకి ఇంత అని తీసుకుంటాడు. పీఎస్3 తయారీ 2017లోనే ఆగిపోయింది, అయినా మన చిన్న ఊళ్లలో ఇంకా అదే నడుస్తోంది. తక్కువ ధరకి దొరుకుతుంది, డిస్కులూ చౌక.

గుడి నుంచి వచ్చాక షాపుకి పోతే సాయంత్రం పూట కూడా రెండు టీవీలు ఖాళీ.

“ఏంది మామా, పోరగాళ్లు వస్తలేరా?” అన్నాను.

“ఏం జెప్పాలె అల్లుడా. నెల రోజుల సంది గిదే. బ్యాట్ లేట్ అయితాంది, బటన్ పడ్తలేదు అంటరు. టీవీలు ముసలియైనయ్. రేపు షాపాయనకు అడ్వాన్స్ కడ్తున్న. మూడు కొత్తయి 45,000. చిట్టి ఎత్తిన.”

“నెల కింద ఏమన్న మార్చినవా?”

“ఏం లే. బొమ్మ ఇంక మంచిగ రావాలెనని 720 తీసి 1080 పెట్టిన, అంతే.”

నేను వెళ్లి చూశాను. మూడింటిలోనూ 1080ఐ ఒక్కటే టిక్ చేసి ఉంది. 720పీ టిక్ తీసేశాడు. 1080పీ పెడదామంటే ఆ పాత టీవీలు తీసుకోవు. సమస్య టీవీ వయసులో లేదు, ఆ ‘ఐ’లో ఉంది.

ఐ అంటే ఏంటి, పీ అంటే ఏంటి?

పీ అంటే ప్రోగ్రెసివ్. ప్రతి ఫ్రేమ్‌లో అన్ని గీతలూ పైనుంచి కిందికి ఒకేసారి వస్తాయి. 720పీలో సెకనుకి 60 సార్లు పూర్తి బొమ్మ వస్తుంది.

ఐ అంటే ఇంటర్‌లేస్డ్. ఇందులో బొమ్మని రెండు సగాలు చేసి పంపుతారు. ముందు 1, 3, 5 లాంటి బేసి గీతలు, తర్వాత 2, 4, 6 లాంటి సరి గీతలు. ఒక్కో సగాన్ని ఫీల్డ్ అంటారు. 1080ఐలో ఒక్కో ఫీల్డ్‌లో ఉండేవి 540 గీతలే. అంటే ఏ క్షణంలో చూసినా టీవీకి చేరేది 1080 కాదు, అందులో సగం.

అసలు ఇలా ఎందుకు చేశారు? ఇది 1930ల నాటి ఉపాయం. అప్పటి టీవీలు పిక్చర్ ట్యూబ్‌వి. సెకనుకి 25 సార్లే బొమ్మ వేస్తే కళ్ల ముందు మిణుకుమిణుకుమంటుంది. 50 సార్లు పూర్తి బొమ్మ పంపుదామంటే తరంగాల్లో అంత చోటు లేదు. అందుకే సగం సగం చేసి 50 సార్లు పంపారు. మన దూరదర్శన్ పాత పాల్ పద్ధతి కూడా ఇదే: 625 గీతలు, సెకనుకి 50 ఫీల్డులు. మన ఇళ్లలో డీటీహెచ్ హెచ్‌డీ ఛానెళ్లు 1080ఐలో, సెకనుకి 50 ఫీల్డులతో రావడం కూడా ఆ వారసత్వమే.

నంబర్ల అసలు లెక్క

కాలిక్యులేటర్ తీసి మీరే చూసుకోవచ్చు.

- 720పీ: 1280 × 720 = 9,21,600 పిక్సెళ్లు. సెకనుకి 60 సార్లు అంటే సుమారు 5.5 కోట్లు.
- 1080ఐ: 1920 × 540 = 10,36,800 పిక్సెళ్లు. సెకనుకి 60 సార్లు అంటే సుమారు 6.2 కోట్లు.
- 1080పీ: 1920 × 1080 = 20,73,600 పిక్సెళ్లు. సెకనుకి 60 సార్లు అంటే సుమారు 12.4 కోట్లు.

1080ఐ అనేది 1080పీకి తమ్ముడు కాదు, దాదాపు 720పీకి సమానం. కేబుల్‌లో ఈ రెండింటి సిగ్నల్ వేగం కూడా ఒక్కటే, 74.25 మెగాహెర్ట్జ్. 1080పీకి దానికి రెట్టింపు, 148.5 కావాలి. నంబర్ ఒక్కటి చూసి 1080ఐ, 1080పీ పక్కపక్కన కూర్చుంటాయి అనుకోవడమే మా మామ చేసిన పొరపాటు. చాలామంది చేసేదీ అదే.

లేట్ ఎక్కడ వస్తోంది?

పాత ట్యూబ్ టీవీ వచ్చిన గీతని వచ్చినట్టే వేస్తుంది కాబట్టి ఇంటర్‌లేస్డ్ సిగ్నల్ దానికి ఇబ్బంది కాదు. కానీ ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీల్లో అన్ని గీతలూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. సగం గీతలు వస్తే మిగతా సగం ఎక్కడినుంచో తేవాలి. ఈ పనినే డీఇంటర్‌లేసింగ్ అంటారు. టీవీ దీన్ని మూడు రకాలుగా చేస్తుంది.

మొదటిది వీవ్, అంటే నేత. సిరిసిల్లలో మగ్గం మీద పోగు పక్కన పోగు వేసినట్టు, బేసి ఫీల్డునీ సరి ఫీల్డునీ కలిపి ఒక బొమ్మ నేస్తుంది. కదలని బొమ్మకి ఇది బంగారం. కానీ ఆటలో బ్యాట్స్‌మన్ కదులుతుంటే, రెండు ఫీల్డులకీ మధ్య సెకనులో 60వ వంతు గడిచిపోతుంది, ఆలోపు బ్యాట్ జరిగిపోతుంది. అప్పుడు అంచులు దువ్వెన పళ్లలాగా కనిపిస్తాయి.

రెండోది బాబ్. ఒక్కో ఫీల్డులోని 540 గీతలనే సాగదీసి బొమ్మంతా నింపుతుంది. లేట్ తక్కువే, కానీ బొమ్మ మెత్తబడుతుంది, సన్నని గీతలు పైకీ కిందికీ వణుకుతాయి. అప్పుడు 720పీ ఇచ్చే 720 గీతల కన్నా తక్కువే దొరికినట్టు.

మూడోది మోషన్ అడాప్టివ్. బొమ్మలో ఎక్కడ కదలిక ఉంది, ఎక్కడ లేదు అని చూసి, కదలని చోట నేస్తుంది, కదిలే చోట సాగదీస్తుంది. చూడ్డానికి ఇదే బాగుంటుంది. కానీ కదలిక ఉందో లేదో తెలియాలంటే ముందు వెనక ఫీల్డుల్ని పోల్చాలి. తర్వాతి ఫీల్డు కోసం ఆగితే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు పోయినట్టే. లేట్ ఇక్కడే పుడుతుంది.

ఇంత చిన్న లేట్‌తో ఏమవుతుంది అనకండి. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకి సుమారు 39 మీటర్లు వెళ్తుంది. 16.7 మిల్లీసెకన్లలో 65 సెంటీమీటర్లు. మూడు ఫీల్డులు ఆలస్యమైతే దాదాపు రెండు మీటర్లు. మామ షాపులో ఎక్కువ ఆడేది డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14. అందులో బ్యాటింగ్ అంతా టైమింగే. తెరమీద బంతి కనిపించేసరికి గేమ్ లోపల అది రెండు మీటర్లు ముందుకొచ్చేసి ఉంటే పిల్లవాడు ఏం కొడతాడు? టెక్కెన్‌లో అయితే వేగమైన పంచ్ 10 ఫ్రేముల్లో తగులుతుంది. అందులో మూడు ఫ్రేములు టీవీయే తినేస్తే ఆపుకోడానికి మిగిలేది ఏడు. “బటన్ పడ్తలేదు” అని పోరగాళ్లు అన్నది అబద్ధం కాదు.

ఇంకో నష్టం కూడా ఉంది

పీఎస్3 గేములు చాలావరకు 720పీ కోసం తయారైనవి. మనం 720పీ టిక్ తీసేస్తే, 1080కి పెంచుకోలేని గేములు కిందికి, 576పీకో 480పీకో పడిపోతాయి. 2006 నవంబర్‌లో పీఎస్3 అమెరికాలో విడుదలైనప్పుడు ఇదే గొడవ అయింది. అక్కడి కొన్ని పాత హెచ్‌డీ టీవీలు 720పీని తీసుకోవు, 1080ఐని మాత్రమే తీసుకుంటాయి. వాటిలో రెసిస్టెన్స్ లాంటి కొత్త గేములు 480పీలో కనిపించాయి. హెచ్‌డీ కోసం అంత డబ్బు పెట్టినవాళ్లకి డీవీడీ స్థాయి బొమ్మ వచ్చింది. వాళ్లకి టీవీ వల్ల వచ్చిన కష్టాన్ని మా మామ రిమోట్‌తో తెచ్చిపెట్టుకున్నాడు.

పైగా ఆ 32 ఇంచుల టీవీల తెర 1366 × 768. అంటే 1080ఐ పంపితే టీవీ ముందు సగాల్ని కలపాలి, తర్వాత 768కి కుదించాలి. 720పీ పంపితే 720ని 768కి కాస్త పెంచితే చాలు. పని తక్కువ, బొమ్మ శుభ్రం.

ఎలా సరిచేశాను

1. పీఎస్3లో సెట్టింగ్స్, డిస్‌ప్లే సెట్టింగ్స్, వీడియో ఔట్‌పుట్ సెట్టింగ్స్‌కి వెళ్లి, హెచ్‌డీఎంఐ ఎంచుకుని, కస్టమ్ నొక్కాను. 1080ఐ టిక్ తీసి, 720పీ టిక్ పెట్టాను. దానికింద ఉన్న 576పీ, 480పీ అలాగే ఉంచాను.
2. టీవీలో పిక్చర్ మోడ్‌ని గేమ్‌కి మార్చాను. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ లాంటివన్నీ ఆపేశాను.
3. ఒక్కో టీవీని ఫోన్‌తో కొలిచాను.

కొలవడం ఎలా అంటారా? ఫోన్ స్లో మోషన్‌ని 240 ఎఫ్‌పీఎస్‌లో పెట్టి, కంట్రోలర్, తెర రెండూ కనిపించేలా వీడియో తీయండి. బటన్ నొక్కిన ఫ్రేమ్ నుంచి తెరమీద కదలిక మొదలైన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ 4.17 మిల్లీసెకన్లు. పదిసార్లు చేసి సగటు తీయండి. ఇది ల్యాబ్ టెస్ట్ కాదు, ఇందులో గేమ్ సొంత లేట్ కూడా కలుస్తుంది. కానీ ఒకే గేమ్‌తో ముందూ తర్వాతా పోల్చుకోడానికి సరిపోతుంది. మామ టీవీల్లో రెండింటికి పన్నెండు ఫ్రేముల తేడా వచ్చింది, అంటే సుమారు 50 మిల్లీసెకన్లు తగ్గింది.

మూడో టీవీకి గేమ్ మోడ్ లేదు. అక్కడ తేడా నాలుగు ఫ్రేములే. దాన్ని బాగుచేశానని అబద్ధం చెప్పను. దాన్ని టెక్కెన్‌కి, క్రికెట్‌కి కాకుండా లేట్ అంతగా తెలియని గేములకి వాడమని చెప్పాను. ఎప్పుడైనా ఒక టీవీ కొంటే మొదట మార్చాల్సింది అదే.

రాత్రి షాపు మూసేముందు రోజూ వచ్చే ఒక పిల్లాడిని పిలిచి, ఏం మార్చామో చెప్పకుండా ఆడమన్నాం. రెండు ఓవర్లు ఆడి, “అన్నా, కొత్త టీవీ తెచ్చినవా?” అన్నాడు. మామ నా దిక్కు చూసి ఏమీ అనలేదు. మర్నాడు అడ్వాన్స్ కట్టలేదు. చిట్టి డబ్బులో కొంచెం తీసి రెండు కంట్రోలర్లు కొన్నాడు, మిగతాది అత్త చేతిలో పెట్టాడు.

మరి 1080ఐ ఎప్పుడూ చెడ్డదేనా?

కాదు. డీటీహెచ్‌లో సీరియల్, సినిమా, క్రికెట్ మ్యాచ్ చూసేటప్పుడు 1080ఐతో ఇబ్బంది లేదు. చూసేవాళ్లు బటన్ నొక్కరు కాబట్టి 50 మిల్లీసెకన్ల లేట్ ఎవరికీ తెలియదు. సినిమాల్లో అయితే రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేమ్ నుంచి వస్తాయి, టీవీ సరిగ్గా నేస్తే ఏమీ పోదు. ఛానెల్ వచ్చేదే 1080ఐలో కాబట్టి సెట్ టాప్ బాక్స్‌ని అలాగే ఉంచండి. చూడ్డానికి ఒక సెట్టింగ్, ఆడడానికి ఇంకోటి. గుర్తుపెట్టుకోవాల్సింది అదే.

గేమింగ్‌కి ఫైనల్‌గా

- టీవీ 1080పీ తీసుకుంటే, తెర 1920 × 1080 అయితే, 1080పీ పెట్టండి.
- హెచ్‌డీ రెడీ టీవీ, తెర 1366 × 768 అయితే, 720పీ పెట్టండి.
- 720పీ తీసుకోని పాత టీవీ అయితే తప్ప 1080ఐ వద్దు. పీఎస్4 సెట్టింగ్స్‌లో కూడా ఈ ఆప్షన్ ఉంటుంది, జాగ్రత్త.
- తప్పు రిజల్యూషన్ పెట్టి తెర నల్లబడితే కంగారు పడకండి. పీఎస్3 ఆఫ్ చేసి, పవర్ బటన్‌ని రెండో బీప్ వినిపించేదాకా నొక్కి ఉంచండి, వీడియో సెట్టింగ్స్ మొదటికి వస్తాయి.
- కొత్త టీవీ కొనేముందు బాక్స్ మీద ‘హెచ్‌డీ’ అన్న మాట కాదు, తెర రిజల్యూషన్, గేమ్ మోడ్ ఉన్నాయో లేవో చూడండి.

కొత్త టీవీకి డబ్బు తీసేముందు ఒక్కసారి సెట్టింగ్స్ తెరిచి ఆ నంబర్ పక్కన అక్షరం చూడండి. ఐదు నిమిషాల పని. మా మామకి దాని విలువ మూడు టీవీలు.