మూత్రపిండములు హఠాత్తుగా పని మానినప్పుడు

పొలమున రక్తపింజర కాటుపడిన రైతునకు, ఒకటి రెండు దినములలో మూత్రము తగ్గి, ముఖమును పాదములును ఉబ్బుట కలదు. మితిమీరి వాంతులు, విరేచనములైనవారికిని, ఎలుకల మూత్రము కలిసిన బురదనీటివలన వచ్చు జ్వరమునందును ఇట్లే జరుగవచ్చును. మూత్రపిండములు పని మానినవని దీని యర్థము.

అప్పుడు రక్తమున యూరియా, పొటాషియము, నీరు పేరుకొనును. పొటాషియము మిక్కుటమైనచో గుండె యాగిపోవును. మందులకు లొంగనిచో డయాలిసిస్, అనగా రక్తశోధనము, చేయుదురు. రక్తమును గొట్టముద్వారా వెలికిఁ దెచ్చి, సన్నని పొర కొకప్రక్కను నడపి, రెండవప్రక్కను లవణజలమును పాఱింతురు. మలినములు పొర దాటి నీటిలోఁ గలియును, రక్తకణములు దాటలేవు. శుద్ధమైన రక్తము మరల దేహముఁ జేరును. విడతకు సాధారణముగా నాలుగు గంటలు పట్టును.

హాలండునందలి కాంపెన్ పట్టణమున డాక్టరు విల్లెమ్ కోల్ఫ్ 1943లో దీనిని రోగులకుఁ బ్రయోగించెను. ఆయన వాడిన పొర, మాంసపు సాసేజీలకుఁ దొడుగు సెలోఫేను గొట్టమే! మొదటి రోగులలో దాదాపందఱును మరణించిరి. 1945లో స్పృహ లేని 67 ఏండ్ల స్త్రీ మాత్రము తెలివిఁ దెచ్చుకొని బ్రదికినది.

“ఒకసారి యంత్ర మెక్కినచో జన్మాంతము దిగరా”దని యింటివారు కొందఱు వెనుదీయుదురు. ఆ మాట ఏండ్లతరబడి క్షీణించిన మూత్రపిండములకుఁ జెల్లును గాని దీనికిఁ గాదు. హఠాత్తుగాఁ జెడినవి పలువురికిఁ గొన్ని వారములలోఁ దేఱుకొనును, అందఱికిని గాదు. అంతవఱకు ప్రాణము నిలుపుటయే యంత్రము పని.

పాము విషమునకు విరుగుడు సూది వేఱు. దానికి డయాలిసిస్ బదులు గాదు. కాటుపడినవానిని తక్షణమే ఆసుపత్రికిఁ జేర్చి, ఆనాఁటినుండి మూత్రమును సీసాతోఁ గొలిచి డాక్టరునకుఁ దెలుపవలెను.