మెకానిక్కు కూలి, యజమాని సొమ్ము



లేవీయకాండము 19వ అధ్యాయమును తెరచి చూడుడి. కూలివాని కూలిని మరునాటి ఉదయమువరకు మనయొద్ద ఉంచుకొనరాదని 13వ వచనము బోధించుచున్నది. కొలతలోను తూనికలోను అన్యాయము చేయరాదని 35, 36 వచనములు బోధించుచున్నవి. మొదటి మాట సొమ్ము ఇయ్యవలసినవానికి, రెండవ మాట సొమ్ము పుచ్చుకొనువానికి. ఈ రెండు మాటలును ఒక్కచోట ఎదురుపడు స్థలము మన ఊళ్లలో ఒకటి కలదు. అది రోడ్డు ప్రక్కనున్న మెకానిక్కు షెడ్డు.

మన సంఘములలో కారో, ఆటోయో, ట్రాక్టరో నడుపుకొని బ్రదుకువారు అనేకులు. బండి షెడ్డులో ఉన్నను, రోడ్డుమీద ఉన్నను, ఫైనాన్సు వాయిదా మాత్రము ఆగదు. చేతులకు నల్లని నూనె పూసికొని ఆ బండ్లను బాగుచేయువారిలోను మన బిడ్డలున్నారు. బండి బాగుపడి, బిల్లు మాత్రము మొదట చెప్పినదానికంటె ఎక్కువైనప్పుడు మనమేమి చేయవలెను? ఈ మాసపు పాఠము ఇదియే.

1. రెండు తప్పుదారులు

కొందరు షెడ్డుముందు నిలువబడి కేకలు వేసి, ఒక్క పైసయు ఇయ్యమని భీష్మించుకొందురు. మరికొందరు నోరు మెదపక పూర్తిగా చెల్లించి వచ్చి, ఆ సాయంకాలమే టీ కొట్టుదగ్గర, ఆదివారము గుడి అరుగుమీద, “వాడు దొంగ, వానిదగ్గరకు పోవద్దు” అని చెప్పుదురు.

రెండవవాడు శాంతపరునివలె కనబడును. అయితే అతడు చేసినదేమి? మెకానిక్కు తప్పు చేసియున్న యెడల దిద్దుకొనుటకు అవకాశమియ్యలేదు. తప్పు లేని యెడల వివరించుటకును అవకాశమియ్యలేదు. అతని పేరు మాత్రము ఊరంతట పాడుచేసెను. షెడ్డువానికి పేరే పెట్టుబడి గనుక, మూడు వేల రూపాయల తగవునకు మనము అతని బ్రదుకుతెరువునే దెబ్బతీసినవారమగుదుము. మత్తయి 18:15లో ప్రభువు చూపిన మొదటి మెట్టు, తప్పు చేసినవానియొద్దకు ఒంటరిగా వెళ్లి మాటలాడుట. ముఖాముఖిగా అడుగని మాటను వెనుక చెప్పుటకు మనకు హక్కు లేదు.

2. బిల్లును పద్దు పద్దుగా చదువవలెను

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక చిన్న కారునకు క్లచ్ అరిగిపోయినది. క్లచ్ సెట్టునకు 4,200 రూపాయలు, గేర్‌బాక్సు దింపి బిగించుటకు కూలి 2,000 రూపాయలు, మొత్తము 6,200 అని మెకానిక్కు చెప్పెను. చివరకు వచ్చిన బిల్లు 9,800. అదనముగా చేరిన పద్దులివి: క్లచ్ ప్లేటు బిగించిన కూలి 800, రిలీజ్ బేరింగు వేసిన కూలి 500, ఫ్లైవీలు ఫేసింగు 900, గేర్ ఆయిలు 600, క్లచ్ కేబులు 800. వెరసి 3,600 రూపాయలు.

“మూడు వేల ఆరువందలు దోచుకొనెను” అనుటకు ముందు ఒక్కొక్క పద్దును పరిశీలింతము.

క్లచ్ పనిలో కష్టమంతయు గేర్‌బాక్సును దింపి మరల ఎక్కించుటలోనే యున్నది. అది దిగిన తరువాత ప్లేటును, ప్రెజర్ ప్లేటును, బేరింగును మార్చుట ఆ పనిలో భాగమే. గనుక ఆ 800, 500 రూపాయల కూలిని గూర్చి అడుగుట న్యాయము. ఒకే శ్రమకు రెండుసార్లు కూలి కట్టియుండవచ్చును.

ఫ్లైవీలు సంగతి వేరు. గేర్‌బాక్సు దిగువరకు దాని ముఖము ఎవరికిని కనబడదు. దానిపై గాట్లు పడియున్న యెడల, లేతు మిషనుపై చదును చేయింపక క్రొత్త ప్లేటు వేసినచో బండి వణకును, ప్లేటు త్వరగా చెడును. ఆ పని అవసరమై యుండవచ్చును. మనకు ముందుగా ఫోను చేయకపోవుటయే ఇక్కడి లోపము. గేర్ ఆయిలును అట్టిదే. అనేక కార్లలో గేర్‌బాక్సు దింపుటకు ముందు దానిలోని ఆయిలు తీసివేయవలసియుండును. కేబులు విషయములో పాతదానిని చూపుమని అడుగవలెను.

ఇట్లు చూచినప్పుడు మన తగవు 3,600 రూపాయలకు కాదు, కూలి 1,300కును కేబులు 800కును, అనగా 2,100 రూపాయలకు మాత్రమే. మిగిలిన 7,700 అతని న్యాయమైన సొమ్ము. దానిని బిగపట్టుట 13వ వచనమును మీరుటయే.

3. కొనువాని నాలుక

సామెతలు 20:14 కొనువానిని గూర్చి చెప్పుచున్నది. అతడు వస్తువును తక్కువచేసి మాటలాడి, అవతలికి పోయి తన బేరమును గూర్చి గొప్పలు చెప్పుకొనును. బిల్లు తగ్గించుటకు మంచి పనిని చెడ్డపని యనుట, లేని చప్పుడు ఉన్నదనుట, మరియొక షెడ్డువాడు చెప్పని ధరను చెప్పెననుట మన నోట రాకూడదు. ఎక్కువ వేయుట అబద్ధమైనట్లే, తక్కువచేయుటకై కల్పించుటయు అబద్ధమే.

4. బండి అప్పగించుటకు ముందు

గోపురము కట్టగోరువాడు మొదట ఖర్చు లెక్కచూచుకొనునని లూకా 14:28లో చదువుదుము. మనమును ఎస్టిమేటును కాగితముమీద వ్రాయించుకొందము. పెద్ద అక్షరములు, ముద్రలు అక్కరలేదు. సామాను ఎంత, కూలి ఎంత, ఎప్పటికి ఇచ్చునది వ్రాసియుండిన చాలును. “ఇంతకు మించినచో నాకు ఫోను చేసి, నేను సరేయన్న తరువాతనే చేయండి” అను మాటను అందులోనే చేర్చవలెను. తీసివేసిన పాత సామానును తిరిగి ఇయ్యుమని ముందే చెప్పవలెను. ఈ మూడు పనులు చేసినచోట తగవులు చాలవరకు పుట్టవు.

5. అడుగు విధము

గిరాకీలు లేని వేళ చూచి, ఒంటరిగా వెళ్లవలెను. “అన్నా, ఈ మూడు పద్దులు నాకు అర్థము కాలేదు, కాస్త చెప్పండి” అని ఆరంభింపవలెను. అతడు చెప్పినది సబబైన యెడల సంతోషముగా చెల్లింపవలెను. కాని యెడల మత్తయి 18:16 చెప్పినట్లు ఒకరిద్దరిని వెంటబెట్టుకొని పోవచ్చును. వారు మన పక్షమున గొంతెత్తువారు కాక, యంత్రము తెలిసి ఇరుపక్షముల మాట వినువారై యుండవలెను.

బండిని బలవంతముగా తోలుకొని రారాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 170వ సెక్షను ప్రకారము, ఒప్పుకొన్న పని చేసినవాడు తన కూలి ముట్టువరకు ఆ వస్తువును తనయొద్ద ఉంచుకొనవచ్చును. వేరే ఒప్పందము లేనిచో ఈ హక్కు ఆ పనికి రావలసిన సొమ్మునకే గాని పాత బాకీలకు కాదు. ఒప్పుకొన్న 7,700ను ముందుగా ఇయ్యజూపుదము. అతడు అంగీకరింపక, బండి లేనిదే మనకు జరుగని యెడల, మొత్తము చెల్లించి బిల్లుమీద “ఈ మూడు పద్దులకు అభ్యంతరముతో చెల్లించితిని” అని వ్రాసి, తేదీ వేసి, రశీదు పుచ్చుకొందము.

6. అధికారులయొద్దకు పోవచ్చునా?

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయములో, విశ్వాసులు ఒకరిపైనొకరు న్యాయస్థానములకెక్కుటను పౌలు గద్దించెను. కాబట్టి మెకానిక్కు మన సంఘస్థుడైన యెడల తగవును సంఘపెద్దలయెదుట తీర్చుకొందము. అయినను ఆ పౌలే, న్యాయము దొరకనప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందుననెను (అపొ. కార్యములు 25:11). చట్టమును ఆశ్రయించుట పాపము కాదు, పగతో ఆశ్రయించుట పాపము.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము మనము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే, తగవు పుట్టిన రెండు సంవత్సరములలోపు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటనిచో రుసుము లేదు. ప్లీడరును పెట్టుకొనవలెనను నియమము లేదు. జీవనోపాధికై తన బండి తాను నడుపుకొనువాడును ఫిర్యాదు చేయవచ్చును. దానికి ముందు 1915 అను నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. చేతిలో బిల్లు, ఎస్టిమేటు, రశీదు ఉండవలెను. బిల్లు ఇయ్యకపోవుటయు ఈ చట్టములో తప్పుగా ఎంచబడినది.

షెడ్లు నడుపు సహోదరులారా, మీకును ఒక మాట. అదనపు పని కనబడినప్పుడు చేసెడి ఒక్క ఫోను మీ మంచి పేరును కాపాడును. పాత సామానును గోనెసంచిలో వేసి బండిలోనే పెట్టుడి. లెక్క చూపువాడు నిందకు భయపడనక్కరలేదు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మనయొద్ద ఎవరి కూలియైనను నిలిచియున్నదా?
2. ఎవరిని గూర్చియైనను, వారిని అడుగకయే “దొంగ” అని చెప్పియున్నామా?
3. ఆ మాటను విన్నవారియొద్దకు తిరిగి పోయి దానిని సరిచేయుటకు ఈ వారము మనము సిద్ధముగా ఉన్నామా?