పలక పట్టుకున్న ఫోటో

గుజరాత్ రాష్ట్రంలో అహ్మదాబాద్ పెద్ద పట్నం. అక్కడ మాణెక్ చౌక్ అనే బజారు ఉంది. 50 ఏళ్ల కిందటి మాట. ఆ బజారులో కొందరు ఆడవాళ్లు కూరగాయలు అమ్మేవాళ్లు. కొందరు నెత్తిమీద మూటలు మోసేవాళ్లు. కొందరు బండ్లు లాగేవాళ్లు. పొద్దంతా కష్టమే. చేతిలో మాత్రం పైసా నిలిచేది కాదు.

ఎందుకు నిలవలేదు? పొద్దున్నే సరుకు కొనాలి. డబ్బు ఉండదు. వడ్డీవ్యాపారి దగ్గర 50 రూపాయలు తెచ్చేవాళ్లు. సాయంత్రం 55 కట్టేవాళ్లు. తెల్లారితే మళ్లీ అదే అప్పు.

మరి బ్యాంకుకు పోవచ్చు కదా? పోయారు. మాసిన బట్టలతో, చంకలో పిల్లలతో పోయారు. అక్కడ వాళ్లకు మర్యాద దక్కలేదు. ఫారం నింపడం రాదు. సంతకం రాదు. బ్యాంకు తెరిచే వేళే వాళ్లకు బేరాల వేళ.

ఈ ఆడవాళ్లకు ఒక సంఘం ఉంది. దాని పేరు 'సేవ'. 1972లో ఇలాబెన్ భట్ దాన్ని మొదలుపెట్టారు. మన బ్యాంకు మనమే ఎందుకు పెట్టుకోకూడదని సంఘం ఆడవాళ్లు అడిగారు. 4,000 మంది ముందుకొచ్చారు. తలా 10 రూపాయల వాటా వేశారు.

ఒక అడ్డంకి వచ్చింది. సంతకం రానివాళ్లు బ్యాంకు ఎలా నడుపుతారని అధికారులు సందేహించారు. ముందు నడిచే ఆడవాళ్లు కూర్చుని తమ పేర్లు రాయడం నేర్చుకున్నారు. కాగితాల మీద సంతకాలు పెట్టారు. 1974లో బ్యాంకు వచ్చింది. దాని పేరు శ్రీ మహిళా సేవా సహకారి బ్యాంకు.

మరి మిగతా వేలమంది సంగతి? అందరికీ ఒక్కరోజులో చదువు రాదు కదా! అందుకు బ్యాంకే ఒక ఉపాయం చేసింది. పలక మీద ఖాతా నంబరు రాసి ఇచ్చారు. ఆ పలక పట్టుకుని ఆమె ఫోటో దిగింది. ఆ ఫోటో చూసి ఖాతా ఎవరిదో గుర్తుపట్టేవాళ్లు. ఆమె ముఖమే ఆమె సంతకం అయింది.

బ్యాంకు అంతటితో ఆగలేదు. బ్యాంకు మనుషులే బజారుకూ, ఇంటికీ వచ్చి పొదుపు డబ్బు తీసుకున్నారు. చిన్న మొత్తమైనా కాదనలేదు. వ్యాపారానికి, ఇల్లు బాగుచేసుకోవడానికి అప్పులిచ్చారు. కొన్న ఆస్తి ఆడవాళ్ల పేరునే ఉండేలా చూశారు. ఎక్కువమంది అప్పు సరిగా తిరిగి కట్టారు. 2024కి బ్యాంకుకు 50 ఏళ్లు నిండాయి.

చదువు రాదని ఈ బ్యాంకు ఎవరినీ బయట నిలబెట్టలేదు. తన పద్ధతే మార్చుకుంది. అయితే చదువు అక్కరలేదని కాదు. ఫోటో ఆమె ఎవరో చెబుతుంది. ఖాతాలో ఎంత ఉందో చెప్పదు. అది తెలియాలంటే పాసుబుక్కు తానే చదువుకోవాలి.

కొత్త మాటలు

వాటా: బ్యాంకు పెట్టడానికి ఒక్కొక్కరు వేసే డబ్బు.

సహకార బ్యాంకు: వాటా వేసినవాళ్లే యజమానులుగా ఉండే బ్యాంకు.

లెక్క చేయండి

1. రోజూ 50 తెచ్చి 55 కడితే, 30 రోజులకు వడ్డీ ఎంత అవుతుంది?

2. 4,000 మంది తలా 10 రూపాయలు వేస్తే మొత్తం ఎంత?

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఆడవాళ్లకు బ్యాంకులో ఏ ఇబ్బందులు ఉన్నాయి? బ్యాంకు ఏం మార్చుకోవాలి?

2. మీ పాసుబుక్కు ఎవరి దగ్గర ఉంది? తెచ్చుకోండి. చివర రాసిన మొత్తం చదివి చెప్పండి.